చెవులు మూసుకునే పిల్లవాడి మెదడులో ఏం జరుగుతోంది?

ఈ పేజీ తెరిచే ముందు మీ మెడకు చొక్కా కాలరు తగులుతున్న సంగతి మీకు గుర్తుందా? ఇప్పుడు అడిగాను కాబట్టి తెలిసింది, అంతకుముందు తెలియలేదు. పైన తిరిగే ఫ్యాను చప్పుడు, చేతి గడియారం పట్టీ బిగువు, వీధిలో పోయే ఆటో మోత, వంటింట్లోంచి వచ్చే పోపు వాసన, ఇవన్నీ మీ మెదడుకు చేరుతూనే ఉన్నాయి. చేరినవాటిలో ఎక్కువ భాగాన్ని అది మీకు చెప్పకుండానే పక్కన పెట్టేస్తోంది. అలా పెట్టగలగబట్టే మీరు ఈ అక్షరాల మీద మనసు నిలపగలుగుతున్నారు.

రైలు పట్టాల పక్కన కొత్తగా కాపురం పెట్టినవారికి మొదటి రాత్రి నిద్ర పట్టదు. నెల తిరిగేసరికి గూడ్సు బండి పోయినా మెలకువ రాదు. రైలు చప్పుడు తగ్గలేదు, చెవులు మొద్దుబారలేదు. ‘ఈ శబ్దం వల్ల మనకు ప్రమాదం లేదు’ అని మెదడు నేర్చుకుంది. దీన్నే మనోవిజ్ఞాన శాస్త్రంలో అలవాటు పడటం అంటారు. పుట్టిన కొద్ది రోజుల పసిబిడ్డలో కూడా ఈ గుణం కనిపిస్తుంది.

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ అలవాటు పడే పని సరిగా సాగదు. పదోసారి మోగిన గంట కూడా మొదటిసారి మోగినట్టే తగులుతుంది. మొండితనమనీ, గారాబమనీ, పెంపకం లోపమనీ మనం పేరు పెట్టే చాలా ప్రవర్తనల వెనుక ఉన్నది ఇదే. దాతలు, సంఘం పెద్దలు చదివే ఈ సంచికకు ఈ విషయాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇలాంటి బిడ్డ ఉన్న కుటుంబాలు పెళ్లిళ్లకు, బంధువుల ఇళ్లకు, చివరికి బడికి కూడా మెల్లగా దూరమవుతుంటాయి. ఆ పెళ్లి హాళ్లు, ఆ బడులు మన చేతుల్లో ఉన్నవే.

కాపలాదారు, పెద్దమనిషి

తరగతిలో పిల్లలకు చెప్పినట్టే చెబుతాను. కన్ను, చెవి, చర్మం, నాలుక పంపే కబుర్లు ముందుగా మెదడు నడిమధ్యన ఉన్న థాలమస్ అనే భాగానికి వెళ్తాయి. అది పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే బల్ల లాంటిది. ఏ కబురు ఎటు పోవాలో, ఏది ఎంత గట్టిగా వినిపించాలో అక్కడ చాలావరకు తేలుతుంది. వాసన ఒక్కటే ఈ బల్లను తప్పించుకుని వేరే దారిలో పోతుంది. అత్తరు వాసన క్షణంలో ఎప్పటివో జ్ఞాపకాలను లేపడానికి అదొక కారణమంటారు.

ఆ కబుర్లు చేరే చోట్లలో ఒకటి అమిగ్డాలా. బాదం గింజ ఆకారంలో ఉంటుంది కాబట్టి గ్రీకులో బాదం అనే అర్థం వచ్చే ఆ పేరు పెట్టారు. ఇది ఇంటి ముందు కాపలావాడు. కొత్త అలికిడి వినిపిస్తే చాలు, ‘ఎవరది?’ అని కేక వేస్తాడు. గుండె వేగం పెరుగుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. అప్పుడు నుదుటి వెనుక ఉన్న ముందు మెదడు, ఇంటి పెద్దమనిషిలా, ‘ఏం లేదు, కుక్కరు విజిల్’ అని సర్దిచెబుతుంది. కాపలావాడు కూర్చుంటాడు. రెండో విజిల్‌కు సగమే లేస్తాడు. మూడోదానికి తల కూడా తిప్పడు.

ఆటిజంలో ఇంద్రియాల తీరు మీద జరిగిన పరిశోధనల్లో చాలా భాగం ఈ ఇద్దరి మధ్య నడిచే వ్యవహారం గురించే.

ఎనభై ఏళ్ల కథ

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పిల్లల మనోవైద్యుడు లియో కానర్ పదకొండు మంది పిల్లలను వర్ణిస్తూ ఒక వ్యాసం రాశాడు. ఆటిజాన్ని ఒక ప్రత్యేక స్థితిగా లోకానికి పరిచయం చేసింది ఆ వ్యాసమే. పెద్ద చప్పుళ్లకూ, కదిలే వస్తువులకూ ఆ పిల్లలు ఎంతగా భయపడేవారో ఆయన అందులోనే రాశాడు. అంటే ఇంద్రియాల ఇబ్బంది మొదటి రోజు నుంచీ వైద్యుల కళ్ల ముందే ఉంది. అయినా రోగ నిర్ధారణకు వైద్యులు వాడే అమెరికన్ మనోవైద్య సంఘం వారి డి.ఎస్.ఎమ్. గ్రంథంలో దానికి ఒక లక్షణంగా స్పష్టమైన చోటు దొరికింది 2013లో వచ్చిన అయిదో కూర్పులోనే. శబ్దం, స్పర్శ, వెలుగు, నొప్పి వంటివాటికి మితిమీరి స్పందించడం లేదా అసలు స్పందించకపోవడం అని అందులో రాశారు. మధ్యలో డెబ్భై ఏళ్లు గడిచాయి.

ఆ డెబ్భై ఏళ్లలో కొంతకాలం జరిగింది తల్చుకుంటే బాధ కలుగుతుంది. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే బిడ్డ ఇలా అయ్యాడని పెద్ద పెద్ద చదువులు చదివినవారే చెప్పారు. మంచుగడ్డ లాంటి తల్లి అన్న అర్థంలో ‘రిఫ్రిజిరేటర్ తల్లులు’ అని పేరు కూడా పెట్టారు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త కుమారుడికి ఆటిజం ఉంది. తన భార్య బిడ్డను ఎలా పెంచుతోందో ఆయన రోజూ కళ్లారా చూస్తున్నాడు. 1964లో ఆయన రాసిన పుస్తకం ఇది నాడీవ్యవస్థకు సంబంధించిన స్థితి అని వాదించి, ఆ నింద పునాదులను కదిలించింది.

అమెరికాలో పోయిన నింద మన వీధుల్లో ఇంకా పోలేదు. నజర్ తగిలిందని, సాయా పట్టిందని, కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏదో చేసిందని అనే మాటలు ఇప్పటికీ వింటున్నాం. టీకాల వల్ల వచ్చిందనే మాట కూడా ఫోన్లలో తిరుగుతోంది. ఆ మాటకు మూలం 1998లో లండన్‌లో వచ్చిన ఒక వ్యాసం. పన్నెండు మంది పిల్లల మీద రాసిన ఆ వ్యాసాన్ని ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో పూర్తిగా ఉపసంహరించుకుంది. 2019లో డెన్మార్క్‌వారు 6,57,461 మంది పిల్లల రికార్డులు పరిశీలించి, తట్టు టీకాకూ ఆటిజానికీ సంబంధం లేదని మళ్లీ తేల్చారు. టీకా మానేస్తే మిగిలేది తట్టు ప్రమాదం ఒక్కటే.

ఉన్ని బట్ట, ట్రాఫిక్ మోత

మెదడు పని చేస్తుండగా ఏ భాగానికి రక్త ప్రసారం పెరుగుతోందో చూపించే ఎఫ్.ఎమ్.ఆర్.ఐ. అనే యంత్రం ఉంది. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షులమైట్ గ్రీన్, ఆమె సహచరులు దీనితో చేసిన రెండు పరీక్షలు నా దృష్టిలో చాలా విలువైనవి. 2013లో వచ్చినదానిలో పిల్లలకు కొంచెం చిరాకు పుట్టించే శబ్దాలు వినిపించి, దృశ్యాలు చూపించారు. ఆటిజం ఉన్న పిల్లల్లో శబ్దాన్ని, దృశ్యాన్ని అందుకునే భాగాలతో పాటు కాపలావాడైన అమిగ్డాలా కూడా ఎక్కువగా స్పందించింది. మామూలు పిల్లలకు కాస్త విసుగు అనిపించేది వీరికి ముప్పులా తోస్తోందన్నమాట.

2015లో వచ్చిన రెండోది ఇంకా సూక్ష్మమైనది. ఒకసారి ట్రాఫిక్ మోత వినిపించారు, ఒకసారి గరుకైన ఉన్ని బట్టతో చేతి మీద రుద్దారు, మరోసారి రెండూ కలిపారు. ఇలా పదే పదే చేశారు. మామూలు పిల్లల మెదడు కొద్దిసేపటికి అలవాటుపడి స్పందన తగ్గించుకుంది. ఆటిజంతో పాటు ఇంద్రియాల అతి సున్నితత్వం ఉన్న పిల్లల్లో అది సరిగా తగ్గలేదు. శబ్దం, స్పర్శ కలిసి వచ్చినప్పుడు తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది.

ఆ పరీక్షలో నన్ను ఆలోచింపజేసిన సంగతి మరొకటి ఉంది. ఆటిజం ఉన్నా అతి సున్నితత్వం లేని పిల్లలు కూడా ఆ గుంపులో ఉన్నారు. వారిలో ముందు మెదడు అమిగ్డాలాను అణచి ఉంచే ప్రయత్నం చేస్తున్నట్టు కనిపించింది. అంటే కాపలావాడు కేక వేసినా పెద్దమనిషి గట్టిగా సర్దిచెబుతున్నాడు. ఒకే పేరు గల స్థితిలో ఉన్న ఇద్దరు పిల్లల మెదళ్లు ఒకే చప్పుడుతో రెండు విధాలుగా నెట్టుకొస్తున్నాయి. ‘ఫలానావారి అబ్బాయికీ ఆటిజమే, వాడు హాయిగా పెళ్లిలో తిరుగుతున్నాడు, మీవాడికేమైంది?’ అని అడిగేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

వేగం విషయంలోనూ తేడా ఉంది. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో టిమొతీ రాబర్ట్స్ బృందం, మెదడులో పుట్టే అతి సూక్ష్మమైన అయస్కాంత తరంగాలను కొలిచే యంత్రంతో పరీక్షించింది. ఆటిజం ఉన్న పిల్లల మెదడు శబ్దానికి స్పందించడంలో సెకనులో వందో వంతు ఆలస్యం కనిపించింది. 2010లో ఈ ఫలితం ప్రకటించారు. వందో వంతే కదా అనిపించవచ్చు. ‘కాలు’, ‘గాలి’ అన్న రెండు మాటలను విడదీసే తేడా కూడా సెకనులో అలాంటి చిన్న వంతులలోనే ఉంటుంది. మొదటి అక్షరం దగ్గరే వెనకబడితే, టీచరు వాక్యం పూర్తి చేసేసరికి పిల్లవాడు ఎక్కడ ఉంటాడో ఊహించండి.

వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంవారు 2014లో ప్రచురించిన పరిశోధన మన డబ్బింగ్ సినిమాలను గుర్తుచేస్తుంది. పెదవులు ఒకటి చెబుతుంటే మాట వేరే సమయానికి వినిపిస్తే మనకు చిరాకుగా ఉంటుంది. కన్ను చూసినది, చెవి విన్నది ఒకే సంఘటనకు చెందినవా కావా అని తేల్చుకునే పనిలో ఆటిజం ఉన్న పిల్లలకు, ముఖ్యంగా మాటల విషయంలో, స్పష్టత తక్కువగా ఉందని వారు గమనించారు. మాట్లాడేవారి ముఖం చూడకుండా కొందరు పిల్లలు చూపు పక్కకు తిప్పుకోవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. ముఖం చూస్తే మాట చెదిరిపోతుందేమో. ‘నా కళ్లలోకి చూడు’ అని గడ్డం పట్టి తిప్పే అలవాటు మా ఉపాధ్యాయులకు ఎక్కువ. దాన్ని మానుకోవడం మంచిదని నా అభిప్రాయం.

పాఠం చెప్పేవాడిగా ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఇవన్నీ గుంపుల సగటులు. ఒక బిడ్డ స్కానింగ్ చూసి ‘ఇది ఆటిజం’ అని చెప్పగల యంత్రం ఏదీ లేదు. పైగా ఎఫ్.ఎమ్.ఆర్.ఐ. యంత్రమే ఘోరంగా మోత పెడుతుంది. శబ్దాన్ని బొత్తిగా భరించలేని పిల్లలు అందులో పడుకోనే లేరు. కాబట్టి అన్నిటికంటే ఎక్కువ బాధపడే పిల్లల మెదడు గురించి మనకు తెలిసింది తక్కువే.

ఏడుపు రాని పిల్లలు

ఇంతవరకు ఎక్కువగా తగిలేవారి గురించి చెప్పుకున్నాం. తక్కువగా తగిలేవారూ ఉన్నారు, వారి పరిస్థితి ఒక్కోసారి మరింత ప్రమాదకరం. ఇస్త్రీ పెట్టె తగిలి చెయ్యి కాలినా ఏడవరు. చెవిలో చీము పట్టినా చెప్పరు. జ్వరం వచ్చిన సంగతి తల్లి చెయ్యి వేసి చూస్తేనే బయటపడుతుంది. పిల్లవాడు ధైర్యవంతుడని మురిసిపోకుండా రోజూ స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా ఒకసారి చూసుకోవడం అవసరం.

మనం పంచేంద్రియాలు అంటాం. శాస్త్రం మరో మూడింటిని కలుపుతుంది. చెవి లోపలి భాగం చూసుకునే సమతూకం ఒకటి, కీళ్లూ కండరాలూ చెప్పే శరీర స్థితి మరొకటి, ఆకలి, దాహం, మూత్రం వంటి లోపలి కబుర్లు మూడోది. గిరగిరా తిరిగే పిల్లవాడు, మంచం మీద ఎగిరే పిల్లవాడు, కాలరు నమిలే పిల్లవాడు, గోడను ఢీకొట్టే పిల్లవాడు చాలాసార్లు తన శరీరం ఎక్కడుందో మెదడుకు గట్టిగా చెప్పుకుంటున్నాడు. ఏడేళ్లు వచ్చినా మూత్రం సంగతి తెలియని పిల్లవాడికి లోపలి కబురు ఆలస్యంగా అందుతూ ఉండవచ్చు. వాడికి బెత్తం ఏం నేర్పగలదు? గంటకొకసారి గుర్తుచేసి తీసుకువెళ్లడం నేర్పుతుంది.

ఒకే బిడ్డలో రెండూ ఉండటమే తల్లిదండ్రులను తికమక పెడుతుంది. మిక్సీ చప్పుడుకు వణికిపోయే పిల్లవాడు పిలిస్తే పలకడు. చెవుడేమోనని పరీక్ష చేయిస్తారు, వినికిడి బాగానే ఉంటుంది. ఆ పరీక్ష తప్పకుండా చేయించాలి. అది బాగున్నంత మాత్రాన బిడ్డ నాటకమాడుతున్నాడని అనుకోకూడదు. అమెరికాలో 25 వేల మందికి పైగా ఆటిజం పిల్లల రికార్డులు పరిశీలిస్తే దాదాపు నాలుగింట మూడు వంతుల మందిలో ఏదో ఒక ఇంద్రియ సమస్య నమోదై ఉంది. అరుదైన సంగతి కానే కాదు.

పెళ్లి హాలు, పండుగ, బడి

ఇప్పుడు ఆ ఉన్ని బట్ట, ట్రాఫిక్ మోతల స్థానంలో మన వలీమా విందును పెట్టి చూడండి. మైకులో పాటలు, మెరిసే లైట్లు, బిర్యానీ డేగ్‌ల మూతలు తీసినప్పుడు వచ్చే ఘాటు, పదిమంది పూసుకున్న పది రకాల అత్తర్లు, ఫోటోవాడి ఫ్లాష్, బుగ్గ గిల్లే ఖాలా, ఎత్తుకునే మామూ. మెదడు వీటిలో ఏదీ పక్కన పెట్టలేకపోతోంది. అరగంట గడిచాక పిల్లవాడు నేలమీద పడి కేకలు పెడతాడు. ఎవరో పెద్దాయన ‘బిడ్డను కాస్త అదుపులో పెట్టుకోమ్మా’ అంటాడు. ఆ తల్లి మరోసారి పెళ్లికి రాదు.

మారాం వేరు, ఇది వేరు. మారాం చేసే పిల్లవాడు ఎవరైనా చూస్తున్నారా అని ఓరకంట గమనిస్తాడు, అడిగింది ఇస్తే ఆగుతాడు. ఇంద్రియాల ఒత్తిడి పొంగి వచ్చిన ఏడుపుకు ప్రేక్షకులు అక్కర్లేదు, బిస్కెట్టు ఇచ్చినా ఆగదు. చీకటిగా, నిశ్శబ్దంగా ఉండే చోటికి తీసుకువెళ్లి, మాటలు తగ్గించి, పక్కన కూర్చుంటే మెల్లగా తగ్గుతుంది. ఆ సమయంలో బుజ్జగింపు మాటలు కూడా మరో చప్పుడే.

పండుగనాడు కొత్త కుర్తా వేయనని ఏడిస్తే గంజి, జరీ, మెడ వెనుక లేబుల్ గుచ్చుకుంటున్నాయేమో చూడాలి. కొత్త బట్టను నాలుగుసార్లు ఉతికి, లేబుల్ కత్తిరించి, లోపల మెత్తటి బనియను వేస్తే చాలామంది ఒప్పుకుంటారు. ఈద్ ముబారక్ చెబుతూ అందరూ కౌగిలించుకుంటారు. ఈ పిల్లల్లో కొందరికి సుతారంగా తాకడమే భరించలేనిది, గట్టిగా పట్టుకుంటే ఊరట. కొందరికి ఏదీ వద్దు. అడిగి, వాడు ముందుకు వస్తేనే దగ్గరకు తీసుకోవాలి, లేదంటే చెయ్యి ఊపితే సరిపోతుంది. మంగలి షాపులో మిషను చప్పుడుకు భయపడే పిల్లవాడికి ఇంట్లోనే, కత్తెరతో, రోజుకు కొంచెం చొప్పున జుట్టు తీయవచ్చు. ఇంటి పక్కన లౌడ్‌స్పీకరు మోగగానే చెవులు మూసుకునే పిల్లవాడిని అమర్యాద అని గద్దించకండి. లారీ హారన్‌కూ, బడి గంటకూ వాడు అదే చేస్తాడు. వాడికి విషయంతో పేచీ లేదు, మోతతోనే.

బడి సంగతి చెప్పాలంటే నాకు చోటు చాలదు. ఒక తల్లి అడిగిన ప్రశ్న మాత్రం రాస్తాను. “టీచర్‌గారూ, బడిలో వీడు బాగానే ఉంటాడని మీరంటారు. ఇంటికి రాగానే తల గోడకేసి కొట్టుకుంటాడు. ఇంట్లో మేమేం తప్పు చేస్తున్నామండీ?” ఇంట్లో తప్పేమీ లేదు. నలభై మంది కేకల మధ్య, రేకుల షెడ్డు కింద, మధ్యాహ్న భోజనం పళ్లేల మోతలో వాడు పొద్దుటి నుంచి బిగబట్టుకున్నాడు. భద్రంగా ఉన్న చోటు చేరగానే ఆ బిగువు తెగింది. బడి నుంచి రాగానే ఒక గంట ఏమీ అడగకుండా, ట్యూషన్‌కు పంపకుండా వదిలేయమని సలహా ఇచ్చాం. బడిలో వాడిని కిటికీకి, తలుపుకు దూరంగా గోడ పక్కన కూర్చోబెట్టాం. గంట కొట్టే ముందు వాడికి చెప్పే పనిని పక్క పిల్లవాడికి అప్పగించాం. ముందుగా తెలిసిన చప్పుడు తెలియని చప్పుడంత భయపెట్టదు. ఆ పక్క పిల్లవాడు ఆ పనిని కలెక్టరు ఉద్యోగమంత గర్వంగా చేశాడు.

రూపాయి ఎక్కడ పెట్టాలి

దాతలు అడిగే ప్రశ్న ఇదే కాబట్టి దీని గురించి నిక్కచ్చిగా రాస్తాను.

ఎక్కడ పెట్టకూడదో ముందు చెబుతాను. మూల కణాల చికిత్సతో ఆటిజం నయమవుతుందని లక్షలు వసూలు చేసేవారున్నారు. దాన్ని ఆటిజానికి సిఫారసు చేయలేమని 2022లోనే జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన నైతిక బోర్డు చెప్పింది. మెదడు మ్యాపింగ్ అంటూ రంగు రంగుల బొమ్మలు చేతిలో పెట్టి వేలు తీసుకునేవారూ ఉన్నారు. ఆటిజం పిల్లల్లో మూర్ఛలు మామూలుకన్నా ఎక్కువ, కాబట్టి మూర్ఛ అనుమానం ఉంటే డాక్టరు ఇ.ఇ.జి. రాస్తారు, అది తీయించాలి. ఆటిజం ఉందో లేదో తేల్చడానికి మాత్రం అది పనికిరాదు.

మంచివని పేరున్న వాటి విషయంలోనూ కళ్లు తెరిచి చూడాలి. బరువు దుప్పట్లు కప్పితే పిల్లలు బాగా నిద్రపోతారని విని ఒక సంస్థ వంద కొనేయవచ్చు. 2014లో ఇంగ్లండ్‌లో జరిగిన పరీక్షలో ఆ దుప్పటి వల్ల నిద్ర పెరగలేదని తేలింది, అయినా పిల్లలూ తల్లిదండ్రులూ మాత్రం దాన్ని ఇష్టపడ్డారు. ఊయలలు, బంతులు, గరుకు చాపలతో ఆక్యుపేషనల్ థెరపిస్టులు చేయించే ఇంద్రియ సమన్వయ చికిత్స అమెరికా వృత్తి చికిత్సకురాలు జీన్ ఐర్స్ ఆలోచనల నుంచి వచ్చింది. 32 మంది పిల్లలతో 2014లో జరిగిన పరీక్షలో మంచి ఫలితం కనిపించింది. 138 మందితో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో, మామూలుగా అందే సహాయం కంటే అదనపు మేలు కనిపించలేదు. నా ఉద్దేశం ఆ చికిత్స వద్దని కాదు. థెరపిస్టు ఒక్కో బిడ్డను చూసి, ఆరు నెలలకొకసారి మార్పును కొలిచి చెబుతుంటే కొనసాగించవచ్చు. ఖరీదైన గది కట్టించి, శిలాఫలకం పెట్టి, లోపల శిక్షణ పొందిన మనిషి లేకపోతే మాత్రం ఆ డబ్బు వృథా.

నిజంగా కొరత ఉన్నది దారి చూపేవారికి. మన సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ, పూర్వం నిమ్‌హెచ్ అని పిలిచేవాళ్లం, ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి., మన దేశపు పిల్లల కోసమే ఒక కొలబద్ద తయారుచేసింది. ‘ఇసా’ అనే ఆ కొలబద్దలో నలభై అంశాలు ఉంటాయి, ఒక్కో అంశానికి 1 నుంచి 5 మార్కులు. అందులో ఇంద్రియాలకు ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. శబ్దానికి బెదరడం, నొప్పి తెలియకపోవడం, వస్తువులను వాసన చూసి గుర్తించడం వంటివి అడుగుతారు. వైకల్య ధ్రువీకరణలో ఈ కొలబద్ద వాడుకలో ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య ఆ చట్టం ఇచ్చిన హక్కు. నేషనల్ ట్రస్ట్‌వారి ‘నిరామయ’ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులకు కూడా అందులో చోటుంది. జిల్లా ఆసుపత్రుల దగ్గర పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించే డి.ఇ.ఐ.సి. కేంద్రాలు, మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు ఉన్నాయి.

ఇవన్నీ ఉన్నాయి, వీటి దగ్గరకు వెళ్లేవారు తక్కువ. రోజు కూలి పోగొట్టుకుని, బిడ్డను రద్దీ బస్సులో తీసుకువెళ్లాలి. ఆ బస్సు మోతలోనే బిడ్డకు ఒత్తిడి పొంగుతుంది. కేంద్రం చేరేసరికి థెరపీ చేయించుకునే స్థితిలో ఉండడు. ఒక తల్లికి వారానికి రెండుసార్లు ఆటో చార్జీ, ఆ పూట పోయిన కూలి ఇవ్వగలిగితే అది పెద్ద యంత్రం కంటే ఎక్కువ పని చేస్తుంది. దరఖాస్తులు నింపి, సర్టిఫికెట్టు, యు.డి.ఐ.డి. కార్డు వచ్చేదాకా వెంట తిరిగే చదువుకున్న యువకులు ఇద్దరు దొరికితే ఇంకా మేలు. రెండేళ్లు దాటినా మాట రాని, పేరు పిలిస్తే తిరగని బిడ్డను చూసినప్పుడు ‘మగపిల్లలకు మాట ఆలస్యమే, వాళ్ల అబ్బాకూ అంతే’ అని దాదీలు, నానీలు సర్దిచెప్పకుండా పరీక్షకు పంపేలా మహిళల సమావేశాల్లో చెప్పించవచ్చు.

మరి కొన్ని పనులకు ఖర్చే లేదు. పెళ్లి హాలు అద్దెకిచ్చేవారు మైకుకు దూరంగా ఉన్న ఒక గదిని ఖాళీగా, లైటు తగ్గించి ఉంచవచ్చు. ఆహ్వాన పత్రికలో ‘పిల్లలకు ప్రశాంత గది ఉంది’ అని ఒక్క వాక్యం వేయిస్తే, ఆ తల్లులు ఎవరినీ అడగకుండానే వస్తారు. ఇలాంటి పిల్లలున్న కుటుంబాలకు మైకులు మొదలయ్యే ముందు, రద్దీ లేని వేళ భోజనం పెట్టవచ్చు. బడి నడిపే యాజమాన్యాలు చెవులు చిల్లులు పడే ఎలక్ట్రిక్ బెల్లు తీసేసి మెల్లగా మోగే గంట పెట్టవచ్చు, బల్లల కాళ్లకు రబ్బరు తొడుగులు వేయించవచ్చు. చెవులకు పెట్టుకునే శబ్ద నిరోధకాలు రెండు మూడు జతలు ప్రధానోపాధ్యాయుడి గదిలో ఉంచితే చాలు. వాటిని రోజంతా పెట్టి ఉంచకూడదు, ప్రార్థన వేళ, భోజనం వేళ, ఆటల పోటీల వేళ ఇవ్వాలి. తీసుకోవాలా వద్దా అన్నది బిడ్డకే వదిలేయాలి. మా బడిలో మొదట ఒకడే అడిగేవాడు. ఇప్పుడు వాన పడి రేకులు మోగినప్పుడు, ఆటిజం లేని పిల్లలు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చి అడుగుతున్నారు.